గినీ పిగ్ పంజరంలో ఏం పరచాలి?



గినీ పిగ్‌ను పెంచేవారు మేత గురించి ఆలోచించినంతగా పంజరం అడుగున వేసే పరుపు గురించి ఆలోచించరు. పొట్టి కాళ్ళ ఈ జంతువు ముక్కు ఎప్పుడూ ఆ పరుపుకు దగ్గరగానే ఉంటుంది. మూత్రంలోని యూరియాను బాక్టీరియా విచ్ఛిన్నం చేసినప్పుడు అమ్మోనియా వాయువు వెలువడి, శ్వాసనాళపు లోపలి పొరను దెబ్బతీస్తుంది. అప్పుడు న్యుమోనియా కలిగించే సూక్ష్మజీవులకు దారి సులువవుతుంది.

కాబట్టి మంచి పరుపు తడిని పీల్చుకోవాలి, దుమ్ము రేపకూడదు, పాదాలకు మెత్తగా ఉండాలి. రంపపు పొట్టు చవకే గాని దుమ్ము ఎక్కువ. వరి ఊక గరుకుగా ఉంటుంది, తడిని అంతగా పీల్చదు. పరుపు లేని తీగల అడుగు మీద పాదాలు పుండ్లు పడతాయి.

సువాసన వచ్చే చెక్కపొట్టు మేలైనదని అనుకోకండి. 1967లో ఎలియట్ వెసెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సెడార్ చెక్కపొట్టుపై ఉంచిన ఎలుకలను పరిశీలించారు. మత్తుమందు ఇచ్చినా అవి మామూలుకంటే తక్కువ సేపే నిద్రపోయాయి. చెక్క నుంచి వచ్చే పదార్థాలు కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి, మందును త్వరగా విరిచేశాయి. అంటే సువాసన ముక్కుతో ఆగదు.

రంగు, పరిమళం కలపని కాగితపు గుజ్జు పరుపు వాడండి. దానిపై ఎండుగడ్డి వేయండి. తడిసిన భాగాన్ని రోజూ తీసివేసి, వారానికొకసారైనా మొత్తం మార్చండి. పంజరం దగ్గర వంగి వాసన చూడండి. అమ్మోనియా ఘాటు మీకు తగిలిందంటే, నోరులేని ఆ జీవి అంతకుముందు నుంచే దాన్ని పీలుస్తోందన్న మాట.