పాఠకుడి ఫోన్‌లో పరీక్షించండి

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది వార్తలు, వీడియోలు, పుస్తకాలు అందించే యాప్‌లకు కోడ్ రాయబోతున్నారు. చదివేవారి సౌకర్యం డిజైనర్ చూసుకుంటాడు, మన పని కోడ్ నడిపించడమే అని ఎవరైనా చెబితే నమ్మకండి. పాఠకుడు పడే ఇబ్బందుల్లో చాలావాటి మూలం కోడ్‌లోనే దొరుకుతుంది.

'స్త్రీ' అని రాసి చూడండి. మనకది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. శీర్షికను ఫలానా సంఖ్య దగ్గర కత్తిరించమని రాస్తే వత్తులు రాలిపోయి 'స్' మిగలవచ్చు. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1 కూర్పుతోనే చేరింది. అంతకు ముందటి లైబ్రరీని వాడుతున్నారేమో చూసుకోవాల్సింది మీరే. వరుసల మధ్య ఎడమూ అంతే. ఇంగ్లిష్‌కు సరిపోయింది కదా అని వదిలేస్తే, పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

ఇవి చిన్న విషయాలని కొట్టిపారేయకండి. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనిపించని ఒక సంకేతం కలిసిన 'జ్ఞా' సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది.

ఇంకొకటి. వార్త చదువుతూ లింకు నొక్కబోతాం. ఆ క్షణంలో ప్రకటన ఊడిపడి పేరాను కిందికి నెడుతుంది, వేలు ప్రకటన మీద పడుతుంది. ఆ ప్రకటనకు ఎంత చోటు కావాలో ముందే రాసి ఉంటే బ్రౌజర్ అట్టిపెట్టేది. ఈ కుదుపును కొలిచే స్కోరు 0.1 దాటకూడదని గూగుల్ 2020లో ప్రమాణం పెట్టింది. అయితే ఆఫీసు వైఫైలో, ఖరీదైన ఫోన్‌లో చూస్తే ఈ కుదుపు మన కంట పడకపోవచ్చు.

ఈ సభలో కూర్చున్న పెద్దల్లో ఎందరో ఫోన్‌లో అక్షరాలను పెద్దవి చేసుకుని చదువుతారు. అలా పెంచినప్పుడు మీరు పెట్టిన బటన్ తెర దాటిపోకూడదు.

అందుకే మిమ్మల్ని కోరేది ఒక్కటే. నమూనా వాక్యాలు తీసేసి అసలు తెలుగు వార్త పెట్టండి. చవక ఫోన్‌లో, నెట్ నెమ్మదిగా ఉన్నచోట, అక్షరాలు పెంచి చదవండి. అక్కడ సాఫీగా సాగితేనే పని పూర్తయిందని చెప్పండి.