తొట్టిని చూచిన చాలునా?

ప్రయాణములలో సెల్‌ఫోనునకు విద్యుత్తు నందించు పవర్ బ్యాంకు నేడు మన యిండ్లలో సామాన్యవస్తువైనది. అందలి లిథియం బ్యాటరీ యిచ్చునది సుమారు 3.7 వోల్టులు, ఫోను సాధారణముగా కోరునది 5 వోల్టులు. తక్కువను ఎక్కువ చేయు చిన్న పరివర్తకమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

స్విచ్చి వేసినపుడు బ్యాటరీనుండి తీగచుట్టలో శక్తి చేరును. తీసినపుడు ఆ శక్తి డయోడు గుండా కండెన్సరులోనికి పోవును. ట్రాన్సిస్టరే స్విచ్చి, సెకనుకు లక్షలమార్లు వేయుటయు తీయుటయు జరుగును. నష్టముల నెంచకున్న, 3.7 వోల్టులను 5 చేయుటకు ప్రతి విడతలో నూటికి 26 పాళ్ల కాలము స్విచ్చి వేసియుండవలెను.

కాని ఫోను ఒక్కసారిగా ఎక్కువ ప్రవాహమును కోరినచో నేమి చేయవలెను?

ఏతమును తలచుకొందము. బాన నూతిలో నున్నంతసేపు తొట్టిలో చుక్క పడదు. చేను మాత్రము తొట్టినీటిని త్రాగుచునే యుండును. తొట్టి తగ్గినదని బానను మరికొంతసేపు నింపబోయితిమా, మొదట తొట్టి యింకను తగ్గును. తొట్టినే చూచువాడు కంగారుపడి బాననింకను ఆపును; పిదప ఒక్కమారుగా నీరు పొరలును. కండెన్సరు తొట్టి, తీగచుట్ట బాన. వోల్టులను మాత్రమే కొలిచి త్వరపడు అదుపు ఇట్లే ఊగిసలాడును. నెమ్మదించినచో స్థిరపడును గాని, ఫోనునకు వేళకు అందదు.

కావున కండెన్సరు వోల్టులను, తీగచుట్ట ప్రవాహమును రెండింటిని కొలువవలెను. ఈ రెండును కలిసినదే పరివర్తకపు ‘స్థితి’. స్థితిభావనను 1960 ప్రాంతమున రుడాల్ఫ్ కాల్మన్ నియంత్రణశాస్త్రమున స్థిరపరచెను. స్విచ్చి వేసినపుడొక సమీకరణము, తీసినపుడు వేరొకటి. రెండింటిని కాలపు పాళ్లను బట్టి సగటుచేయు పద్ధతిని 1976 లో మిడిల్‌బ్రూక్, చూక్ అనువారు చూపిరి.

ఇక రూపకల్పన. రెండు కొలతలలో ప్రతిదియు ఉండవలసిన విలువనుండి ఎంత తొలగినదో చూచి, దానిని ఒక్కొక్క గుణకముచే హెచ్చించి, ఆ మేరకు స్విచ్చి కాలమును సవరింపవలెను. వోల్టుల లోటును ఎప్పటికప్పుడు కూడుచు పోవు మూడవ పద్దును చేర్చినచో, బ్యాటరీ క్రమముగా క్షీణించినను 5 వోల్టులు నిలుచును. కలత ఎంత త్వరగా అణగవలెనో నిర్ణయించుకొన్నచో గుణకములు లెక్కకు వచ్చును.

ఒక హెచ్చరిక. స్థితి నెరిగినను ఆ తొలి తగ్గుదల పోదు. అది యీ పరివర్తకపు స్వభావము. పెద్ద గుణకములతో దానిని జయింపబూనినచో స్విచ్చి వేసినది వేసినట్లే యుండి, ప్రవాహము పెరిగి ట్రాన్సిస్టరు కాలిపోవచ్చును. అందుచే స్విచ్చి కాలమునకును ప్రవాహమునకును హద్దు విధింపవలెను. తొట్టిని మాత్రమే గాక బానను గూడ చూచుటవలన కలుగు లాభము తొందర గాదు; ఎంతవరకు తొందరపడవచ్చునో తెలియుట.