మూతపడిన ఒక పనిముట్టు
(హోప్ టౌన్ తెలుగు సభలో చేసిన ప్రసంగ పాఠము)



చరిత్ర చదివినవారికి హోప్ టౌన్ అనగానే 1872 ఫిబ్రవరి 8న ఇచటి రేవులో వైస్రాయి మేయో ప్రభువు హతుడగుట స్ఫురించును. నేటి నా విషయమునకు అట్టి గాంభీర్యము లేదు. ఒక కంప్యూటరు పనిముట్టు పుట్టి, పెరిగి, మూతపడిన కథ చెప్పెదను. మన పిల్లలలో పెక్కుమంది ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుచున్నారు కనుక ఇది మన ఇంటి ముచ్చటయే.

ప్రోగ్రాము వ్రాయువానికి ఎడిటర్ అనునది కలము, పలక రెండును. గిట్‌హబ్ సంస్థ 2014 ఫిబ్రవరిలో ‘ఆటమ్’ అను ఎడిటరును పరీక్షార్థము వెలువరించెను. మే నెలలో దాని మూలపాఠమును అందరికిని ఉచితముగా తెరచెను. వెబ్ పేజీలను నిర్మించు సామగ్రితోనే దీనిని నిర్మించిరి. కావున పేజీకి రంగులు దిద్దగలవాడు ఎడిటరుకును దిద్దగలడు. అక్షరముల పరిమాణము, మీటల కూర్పు, ఏదైనను మార్చుకొనవచ్చును. చాలనిచో ఇతరులు వ్రాసిన ప్యాకేజీలు తెచ్చి తగిలించుకొనవచ్చును. కమ్మరి ఇచ్చిన కొడవలికి రైతు తన చేతికి అనువైన పిడి వేసికొనుట వంటిది. అయితే బరువెక్కువ. తెరచుకొనుటకు జాగు, పెద్ద ఫైలు ఇచ్చినచో ఆయాసపడెడిది.

దీనికొరకు చేసిన చట్రమునకే పిమ్మట ‘ఎలక్ట్రాన్’ అని పేరు వచ్చెను. 2015లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్ కూడ ఆ చట్రము మీదనే నిలిచినది. మన పెరటిలో నాటిన తీగ పొరుగువారి పందిరిపై కాచినట్లు! 2018లో మైక్రోసాఫ్ట్ ఆ గిట్‌హబ్‌నే 750 కోట్ల డాలర్లకు కొనెను. అప్పుడు దాని అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాదున పుట్టినవాడగుట మనకు సంతోషమే. కాని ఒకే వ్యాపార గృహములో ఒకే పని చేయు రెండు పనిముట్లు ఎంతకాలము నిలుచును? 2022 జూన్ 8న ప్రకటన వెలువడెను. డిసెంబరు 15న ఆటమ్‌ను విరమించిరి. ప్యాకేజీల భాండాగారమును మూసివేసిరి.

చెన్నై నుండి సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమగు వరకు ఈ దీవులకు ఉపగ్రహ సంబంధమే ఆధారము. ఓడ రాకున్న ఏమగునో ఎరిగిన మనము బియ్యము, పప్పు ముందే నిల్వ చేసికొందుము. ఆటమ్ విషయమునను అట్లే జరిగెను. మూలపాఠము లోకము చేతిలో ఉండుటచే వాడుకరులే దానిని ‘పల్సార్’ అను పేర కొనసాగించిరి. దానిలో వ్రాసిన ప్రోగ్రాములన్నియు సాదా అక్షరములగుటచే ఏ ఇతర ఎడిటరులోనైనను తెరచుకొనును. పోయినది చేతి అలవాటు మాత్రమే.

మన తెలుగు వ్రాతలకు అంతటి అదృష్టము లేదు. యూనికోడ్ కాని ఫాంట్లతో టైపు చేసిన పద్యము, వ్యాసము ఆ ఫాంటు లేని యంత్రములో అర్థములేని గుర్తులుగా కనబడును. తెలుగు అచ్చుపనిలో ఏండ్ల తరబడి అట్టి ఫాంట్లే వాడుకలో ఉండెను. సంచికలకు వ్రాసిన మన పెద్దల రచనలు ఎన్ని ఇట్లు పాత కంప్యూటర్లలో చిక్కుకొని యున్నవో! వానిని తెరవగల యంత్రము ఒకటైనను పనిచేయుచుండగనే యూనికోడ్‌లోనికి మార్చుడని మనవి. ఈ పని మన పిల్లలకు ఒక్క సెలవుదినమున అప్పగింపవచ్చును. ఫైళ్ళు తెచ్చువారు సభానంతరము నన్ను కలిసికొనవలెను.