మైక్ పాండే సినిమా, మా కోల్డ్ స్టోరేజీ

 

ఇంజనీరు మైకు పట్టుకుంటే ఏ మోటార్ల గురించో చెబుతాడని భయపడకండి. నేను చెప్పబోయేది మైక్ పాండే అనే డాక్యుమెంటరీ దర్శకుడి గురించి. కెన్యాలో, నైరోబీ నేషనల్ పార్కు పక్కనే పెరిగిన మనిషి. దూరదర్శన్‌లో ‘ఎర్త్ మ్యాటర్స్’ చూసినవాళ్ళకు గుర్తుండాలి. గ్రీన్ ఆస్కార్ అనే పాండా అవార్డు మూడుసార్లు అందుకున్నాడు. అందులో రెండు ఏనుగుల సినిమాలకు. మూడోది నాకు సంబంధించినది.

1996లో నేను గుజరాత్‌లోని వేరావల్‌లో, ఒక చేపల ఎగుమతి కంపెనీలో అమ్మోనియా కంప్రెసర్లు చూసేవాణ్ణి. వేసవి వచ్చిందంటే ఒడ్డుకు తిమింగల సొరలు వచ్చేవి. (తిమింగలం చేప కాదని ఎనిమిదో తరగతిలో మాస్టారు చెప్పారు. ఇది మాత్రం చేపే మాస్టారూ, పేరొక్కటే తిమింగలానిది!) నలభై అడుగులదాకా పెరుగుతుంది. తినేది ప్లవకాలు, చిన్నచిన్న చేపలు. మనిషి జోలికి రాదు. పెద్ద కొక్కేలు గుచ్చి, తాళ్ళకు ఖాళీ పీపాలు కట్టేవారు. ఆ పీపాల్ని మునగలాగలేక అది అలిసిపోయేది. అందుకే అక్కడ దాని పేరే ‘బారల్’. కాలేయం నూనె పడవలకు పూతగా, మాంసం తైవాన్‌కు. ఆ మాంసాన్ని గడ్డకట్టించింది మా ప్లాంటు. నా లాగ్‌బుక్కులో మాత్రం టన్నులు, ఉష్ణోగ్రతలే ఉండేవి. అప్పటికి అది నేరం కాదు. సీజనంతా ప్లాంటు ఒక్కరోజూ ఆగలేదని నాకు బోనస్ ఇచ్చారు. దానితో అమ్మకు ఫ్రిజ్ కొన్నాను.

పాండే అదే తీరంలో కొన్నేళ్ళు తిరిగి ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ తీశాడు. 2000లో వచ్చింది. 2001 మేలో ప్రభుత్వం ఈ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. మన దేశంలో చేపకు అలాంటి రక్షణ దొరకడం అదే మొదలు. మరుసటి ఏడు అంతర్జాతీయ వ్యాపారం మీదా ఆంక్షలు వచ్చాయి. ఒక సినిమా చట్టం దాకా వెళ్ళడం మన దేశంలో ఎన్నిసార్లు జరిగింది చెప్పండి?

నేను ఆ సినిమా చాలా ఆలస్యంగా చూశాను. ఒడ్డు గుర్తుపట్టాను. రక్తంతో ఎర్రబడిన ఆ నీటి పక్కనే రోజూ టీ తాగేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకే మొదట చెబుతున్నాను.

పోయినేడు మా ఆవిడతో సోమనాథ్ వెళ్ళి, పక్కనే కదా అని వేరావల్‌లో దిగాను. ఒక ముసలి పడవాయన కనిపించాడు. ఒకప్పుడు కొక్కెం వేసినవాడే. ఇప్పుడు ఆ చేప వలలో పడితే వల కోసి వదిలేస్తున్నారట. మొరారి బాపు వచ్చి, అది పురిటికి పుట్టింటికి వచ్చే కూతురని చెప్పారట. “మరి వల ఖరీదు?” అన్నాను, ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోక. వల నష్టం ప్రభుత్వం ఇస్తుంది, కానీ ఫోటో తీసి చూపించాలి అన్నాడు.

ఫోను తీసి చూపించాడు. బొమ్మ సరిగ్గా పడలేదు. తెగిన వల, నీళ్ళు, ఒక మూలగా తోక.