దామెర్ల రామారావు: ఏ క్షణాన్ని గీశాడు?



నేను చెప్పబోయే బొమ్మలు మీకిప్పుడు కనపడవు. కాసేపు నా మాట నమ్మండి, తరవాత రాజమండ్రి వెళ్లి మీ కళ్లతోనే సరిచూసుకోండి.

సిద్ధార్థుడు అనగానే మనకేం గుర్తొస్తుంది? అర్ధరాత్రి గడప దాటడమో, బోధివృక్షమో. దామెర్ల రామారావు వేసిన బొమ్మ పేరు ‘సిద్ధార్థ రాగోదయం’. వైరాగ్యం కాదు, రాగం! యువరాజు మనసులో వలపు పుట్టిన ఘడియ. ఋష్యశృంగుడి కథలోనూ అంతే. వానలు కురిపించిన మహిమను పక్కనపెట్టి, ఆడవాళ్లను ఎరగని ఆ ముని కుమారుడు వాళ్ల వలలో పడటాన్ని తీసుకున్నాడు. పురాణం అందరిదీ. అందులోంచి ఏ క్షణాన్ని ఏరుకున్నాడన్నదే చిత్రకారుడి సొంతం. బొమ్మ ముందు నిలబడగానే మొదట వేసుకోవలసిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం.

రెండోది రేఖ. భుజం దగ్గర మొదలైన గీతను చూపుతో పట్టుకుని మెల్లగా ముంజేతి దాకా, వేలి కొస దాకా నడవండి. ఎక్కడా తొట్రుపడదు. ఆయన ‘పుష్పాలంకరణ’ బొమ్మ దగ్గర ఈ పని చేసి చూడండి, తొందరపడకుండా.

1897లో రాజమండ్రిలో పుట్టిన ఈ కుర్రవాడి చేతిలోని పనితనాన్ని కనిపెట్టినవాడు అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. తనూ చిత్రకారుడే. అడివి బాపిరాజు కూడా ఆ దొరగారి శిష్యుడే. తరవాత బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువు. అంత చదువూ చదివి గోదావరి ఒడ్డుకే తిరిగొచ్చి, 1923లో చిత్రకళాశాల తెరిచాడు. తెలుగువాళ్లు బొమ్మలు నేర్చుకోవడానికి బొంబాయి దాకా పోనక్కర్లేకుండా ఊళ్లోనే బడి! తను నేర్చినదాన్ని పదిమందికీ పంచాలన్న తొందర చూస్తే, తనకున్న వ్యవధి ఎంతో ముందే తెలుసా అనిపిస్తుంది.

రెండేళ్లు తిరగలేదు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి, 28వ ఏట పోయాడు. బడిని మిత్రుడు వరదా వెంకటరత్నం భుజాన వేసుకున్నాడు.

రామారావు బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. పుష్కరాలకో, పాపికొండలు చూడటానికో ఆ ఊరు వెళ్లేవాళ్లు ఒక పూట అటు కేటాయించండి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవాళ్లే. వాళ్ల బొమ్మలేవని అడిగి మరీ చూసి రండి.