కట్లపాము కాటు – కాలయాపన చేటు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి పెద్దలు మాట్లాడారు. నేను ప్రాణాలకు సంబంధించిన విషయం ఒకటి మనవి చేస్తాను. నేను వైద్యుణ్ణి కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను.

మన రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. వేసవి రాత్రుళ్ళు వసారాలోనో, ఆరుబయటనో నేలమీద పడుకుంటాం. చుట్టూ నాపరాళ్ళ గోడలు, మిరప, పత్తి చేలు. కట్లపాము రాత్రిపూట తిరిగేది. నిద్రలో ఉన్నవారినే ఎక్కువగా కాటు వేస్తుంది. దాని కోరలు చిన్నవి. గాటు సరిగా కనపడదు, నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది, మాట ముద్దవుతుంది, గుటక పడదు. మన వయసువారికైతే ఇంట్లోవాళ్ళు గ్యాసనో, పక్షవాతమనో అనుకుంటారు.

లోపల జరిగేది మన ఆఫీసు భాషలో చెబుతాను. నరం పంపిన ఉత్తరువును కండరం అందుకుని కదులుతుంది. నాగుపాము విషం కండరం వద్ద ఇన్‌వర్డు బల్లను ఆక్రమిస్తుంది. కట్లపాము విషం నరం కొసన ఉన్న డిస్పాచి సెక్షన్నే ధ్వంసం చేస్తుంది. ఊపిరి ఆడించే కండరాలకు ఉత్తరువు అందక శ్వాస ఆగుతుంది.

విరుగుడు మందు తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గాని, పాడైన నరాల కొసలను బాగుచేయలేదు. అవి తిరిగి చిగురించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందాకా వెంటిలేటరు మీద ఊపిరి ఆడిస్తే చాలామంది మళ్ళీ మామూలు మనుషులవుతారు.

ముఖ్యమైన మాట ఇది. ఆ స్థితిలో రోగి కన్ను తెరవడు, వేలు కదపడు. కంటిపాప సైతం వెలుతురుకు స్పందించకపోవచ్చు. చూసినవారు ప్రాణం పోయిందనుకుంటారు. కాని అతనికి మన మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోదాం" అని మాత్రం తొందరపడకండి.

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెచ్చుపెరిగినప్పుడు మోపిదేవిలో సర్పయాగం చేశారు. దేవుడికి మొక్కవద్దనను. మొక్కు ఆసుపత్రికి వెళ్ళే దారిలో మొక్కుకోవచ్చు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకుల అంచనా. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ పని మన ఇళ్ళనుంచే మొదలుకావాలి.

కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, వేరుమందు మింగించవద్దు. గుటక పడనివాడికి ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుపడిన కాలు, చెయ్యి కదలకుండా బద్దకట్టి, ఎడమపక్కకు పడుకోబెట్టి, 108కి ఫోను చేయండి. పాము కోసం వెతుకుతూ పొద్దు పుచ్చవద్దు. మన దేశపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే. మనకు గుంటూరు పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైమాటే. కనుక దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో విరుగుడు మొదలుపెట్టించి, ఊపిరి ఆడించే ఏర్పాటుతోనే పెద్దాసుపత్రికి తరలించమని అడగండి.

రాత్రి మంచం మీద పడుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. లేచినప్పుడు టార్చిలైటు వేయండి. ఇంటికి వెళ్ళి ఈ నాలుగు ముక్కలు మనవళ్ళకు, కోడళ్ళకు, పాలేళ్ళకు చెప్పమని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.