దాచే వస్త్రము – చూచే దేవుడు



ఈ దినము ఒక వస్త్రమును గూర్చి ఆలోచిద్దాము. అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో, స్మిత్సోనియన్ సంస్థవారి మ్యూజియంలో ఒక సైనిక యూనిఫారం భద్రపరచబడి ఉన్నది. 1991 గల్ఫ్ యుద్ధములో సేనలను నడిపించిన జనరల్ నార్మన్ ష్వార్జ్‌కాఫ్ గారు ధరించిన ఎడారి దుస్తులవి.

ఆ యుద్ధము మనకు పరాయి సంగతి కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు, పొట్టకూటి కోసం వెళ్లిన మన తెలుగు బిడ్డలెందరో అక్కడ చిక్కుకున్నారు. ఆ యేడు ఎయిరిండియా విమానాలు అమ్మాన్ నగరం నుండి 488 సార్లు ఎగిరి, లక్షమందికి పైగా భారతీయులను స్వదేశం చేర్చాయి.

ఆ యుద్ధములో అమెరికా సైనికులనేకులు ఆరు రంగుల బట్ట ధరించారు. లేత గోధుమ రంగు మీద గులకరాళ్లవంటి నలుపు తెలుపు మచ్చలు. అమెరికా నైరుతి దిక్కున ఉన్న రాతి ఎడారులను చూచి వేసిన నమూనా అది. కానీ అరేబియా ఇసుకలో అటువంటి రాళ్లు అంతగా లేవు! దాచవలసిన మచ్చలు అక్కడి నేలకు సరిపడలేదు. అందుకే తరువాత మూడు రంగుల బట్ట వచ్చింది.

ప్రియులారా, ఆదికాండము మూడవ అధ్యాయములో ఆదాము హవ్వలు కుట్టుకున్న ఆకులు కూడా ఇట్టివే. చెట్ల చాటున దాగినా దేవుడు వారిని వెదకుచు వచ్చాడు. నేడు మనమేమి తొడుగుకుంటున్నాము? దుబాయి నుండి ఫోన్ చేసిన కొడుకు, ఆకలితో ఉండి కూడా బాగున్నానంటాడు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదని తండ్రి అతనికి చెప్పడు. ఆదివారము మందిరములో ఇస్త్రీ బట్టల క్రింద త్రాగుడు, దెబ్బలు, కన్నీళ్లు ఎన్ని దాగియున్నవో!

శత్రువుకు కనబడకుండా దాగుట సైనికునికి వివేకమే. అయితే గాయపడినప్పుడు వైద్యుడు ఆ యూనిఫారమును కత్తిరించవలసినదే. గాయము కనబడనిదే కట్టు కట్టుటెట్లు? వైద్యుని యెదుట దాచుకొనువాడు తన ప్రాణమునే పోగొట్టుకొనును.

మన దేవుడు శత్రువు కాడు. ఆకులు కుట్టుకొన్నవారిని సిగ్గుపరచి విడిచిపెట్టక, తానే చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించెను. కనుక సహోదరీ సహోదరులారా, ఈ రాత్రి ఆయన యెదుట ఉన్నదున్నట్లు ఒప్పుకొనుడి. ఇంటివారితో కూడా ఒక్క సత్యమైన మాట మాట్లాడుడి. ఎవరైనా తమ గాయము మీకు చూపినయెడల నలుగురిలో చాటక, కట్టు కట్టుడి.

ప్రార్థించుదము. ప్రభువా, మా ముసుగులు తీసి నీ కృపతో మమ్మును కప్పుము. దూరదేశములలోని మా బిడ్డలను కాపాడుము. యేసు నామమున, ఆమేన్.